పేరు తేలేదాకా ఆగకండి

మూడేళ్లొచ్చినా మాట రాని బిడ్డ సంగతి ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టేది చాలాసార్లు నాయనమ్మో అమ్మమ్మో. ఎందరో పిల్లల్ని ఎత్తి పెంచిన మనుషులు కాబట్టి తేడా వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఎత్తుకుంటే ఒదగడు. పిలిస్తే తిరగడు. చందమామను చూపిస్తే చూపించే చేతిని చూస్తాడు గానీ పైకి చూడడు. కానీ ఆ మాట బయటికి అనడానికి నోరు రాదు. అన్నా, 'వాళ్ల మేనమామకీ ఐదో ఏట గానీ మాటలు రాలేదు' అని ఒకరు, 'మగపిల్లలకి ఆలస్యమేలే' అని ఇంకొకరు సర్దేస్తారు. వస పోశారా అని అడుగుతారు. నాలుక కింద తీగ కోయిస్తే సరి అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కట్టిస్తారు. ఈలోగా పత్తి తీతలు వస్తాయి, వాటి వెనకే మిరప కోతలు, కోతలు అయ్యేసరికి బాకీల లెక్కలు, మళ్లీ నార్లు. చివరికి బళ్లో వేసినప్పుడు 'వీణ్ణి మేం పట్టుకోలేం' అని టీచర్ తేల్చి చెప్పాక గానీ ఆస్పత్రికి బయలుదేరరు.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ఇలా చేజారిపోయే రెండు మూడేళ్ల గురించే ఈ వ్యాసం. ఆటిజం గానీ, ఏడీహెచ్‌డీ గానీ ఉందో లేదో తేల్చే పరీక్ష నిదానంగా, జాగ్రత్తగా జరగాలి. దానికి నెలలు పట్టినా పట్టనివ్వండి. బిడ్డతో చేయాల్సిన పని మాత్రం అనుమానం వచ్చిన రోజునే మొదలవ్వాలి. ఆ పనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, హైదరాబాద్ ప్రయాణమూ అక్కర్లేదు.

ముందు ఈ రెండూ ఏమిటో చూద్దాం. ఆటిజం అంటుకునేది కాదు, పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా అది. రెండు రకాలుగా బయటపడుతుంది. ఒకటి, మనుషులతో కలిసే పద్ధతి: చూపు, సైగ, మాట, ఆట. రెండోది, చేసిందే మళ్లీమళ్లీ చేయడం, చిన్న మార్పును కూడా తట్టుకోలేకపోవడం, చప్పుళ్లూ వాసనలూ తాకిడీ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల్ని గమనించి రాసిన వ్యాసంతో వైద్యలోకం దీన్ని విడిగా గుర్తించడం మొదలుపెట్టింది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఎప్పటికీ మాట రాకపోవచ్చు. కొందరు పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి 'వాడింతే' అనడానికి లేదు.

ఏడీహెచ్‌డీలో ఇబ్బంది వేరు. ధ్యాస నిలవదు, ఒళ్లు నిలవదు, ఆలోచన కంటే ముందు చెయ్యి కదులుతుంది. అందరిలో ఈ మూడూ కనపడాలని లేదు. అల్లరి ఏమాత్రం లేకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే ఆడపిల్లకూ ఏడీహెచ్‌డీ ఉండొచ్చు. ఆ పిల్ల ఎవరినీ విసిగించదు కాబట్టి ఎవరి కంటా పడదు. 2013 దాకా వైద్యుల నియమావళి ప్రకారం ఒకే బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ రాయకూడదు. ఆ ఏడాది వచ్చిన కొత్త కూర్పు డీఎస్ఎం-5 ఆ అడ్డు తీసేసింది. రెండూ కలిసి ఉండటం మామూలేనని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

ఇవి పట్నం పిల్లల సమస్యలనే మాట పల్లెల్లో గట్టిగా వినపడుతుంది. దేశంలో ఐదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని ఇల్లిల్లూ తిరిగి పరీక్షించిన ఒక అధ్యయనం 2018లో ప్లోస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. పల్లెప్రాంతాలూ, కొండప్రాంతమూ, గిరిజన ప్రాంతమూ కూడా ఉన్నాయి. వినికిడి, చూపు, మూర్ఛ, ఆటిజం, ఏడీహెచ్‌డీ, చదువులో ఇబ్బంది వంటి తొమ్మిది సమస్యల్లో ఏదో ఒకటి ఉన్న పిల్లలు 6 నుంచి 9 ఏళ్ల వాళ్లలో ప్రాంతాన్ని బట్టి 6.5 శాతం నుంచి 18.5 శాతం దాకా తేలారు. సమస్య ఉన్నవాళ్లలో దాదాపు ఐదోవంతు మందికి ఒకటికి మించి ఉన్నాయి. ముప్పై మంది పిల్లలున్న అంగన్‌వాడీలో ఇలాంటి బిడ్డ ఒక్కరైనా ఉంటారనుకుని వెతకడమే మంచిది.

ఎలా గుర్తుపట్టాలి? మన ఇళ్లలో పసిపిల్లలతో ఆడే ఆటలే చాలావరకు చెప్పేస్తాయి. ఆరు నెలలు దాటిన బిడ్డ మనం నవ్వితే తిరిగి నవ్వాలి. తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాది వచ్చేసరికి టాటా చెప్పడం, చప్పట్లు కొట్టడం, కావాల్సినదాని వైపు చెయ్యి చాపడం రావాలి. ఏడాదిన్నర లోపు వేలితో చూపించడం తప్పకుండా రావాలి. కావాలని చూపించడం ఒకటి, 'అదిగో కాకి, నువ్వూ చూడు' అని చూపించడం ఇంకొకటి. రెండోది రాకపోవడం మరింత బలమైన గుర్తు. పదహారు నెలలకు విడి మాటలు, రెండేళ్లకు 'నాన్న వచ్చాడు', 'పాలు కావాలి' లాంటి జంట మాటలు రావాలి. వచ్చిన మాట పోయినా, చేసే పని మానేసినా, ఏ వయసులోనైనా సరే, ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించాలి.

అంగన్‌వాడీలో ఓ టీచర్, ఓ తల్లి మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

"ఏమ్మా, బాబు పిలిస్తే పలుకుతున్నాడా?"

"పలకడు టీచరమ్మా. చెవుడేమోనని బెంగగా ఉంది. కానీ కురుకురే ప్యాకెట్ చించితే మటుకు ఏ మూలనున్నా పరిగెత్తుకొస్తాడు."

"మరి ఏదన్నా కావాలంటే ఎట్లా అడుగుతాడు?"

"అడగడు. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి డబ్బా మీద పెడతాడు. నా మొహం వంక చూడడు."

"తోటి పిల్లలతో ఆడతాడా?"

"వాళ్ల మధ్యనే తిరుగుతాడు గానీ వాళ్లతో ఆడడు. సీసా మూతలు వరసగా పేర్చుకుంటాడు. ఎవరన్నా ఒక్కటి కదిపితే ఇల్లు పీకి పందిరేస్తాడు."

ఈ మూడు జవాబుల్లో చాలా ఉంది. ప్యాకెట్ చప్పుడు వినపడి పేరు వినపడకపోవడం, మనిషిని మనిషిగా కాక చేతిగా వాడుకోవడం, ఆటలో ఎదుటివాళ్లకు చోటు లేకపోవడం. టీచర్ ఇక్కడ 'ఇది ఆటిజం' అని చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. 'ఈ మూడూ నేను రాసుకున్నానమ్మా, వచ్చే వారం ఏఎన్ఎం గారికి చూపిద్దాం, ఈలోగా ఇంట్లో ఇలా చేద్దాం' అంటే చాలు. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన దివ్యాంగ బాలల అంగన్‌వాడీ ప్రొటోకాల్ ఆమెను అడుగుతున్నదీ ఇదే: గమనించడం, పై వాళ్లకు పంపడం, కేంద్రంలో ఆ బిడ్డను వెలివేయకుండా మిగతా పిల్లలతో కలుపుకోవడం. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో అచ్చువేసి ఉంటుంది. టీకాల గళ్లు నింపినంత శ్రద్ధగా ఆ పేజీని కూడా చూడాలి.

ప్యాకెట్ చప్పుడుకు పరిగెత్తుకొచ్చినా చెవి పరీక్ష మానకూడదు. కొన్ని శబ్దాలు వినపడి, మాటలోని సన్నని అక్షరాలు వినపడని పిల్లలుంటారు. నిద్రపుచ్చి చేసే బెరా పరీక్ష చిన్న పిల్లల్లో కూడా వినికిడిని తేల్చి చెబుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో పుట్టు చెవుడు అరుదు కాదు, దాన్ని ముందే పట్టుకుంటే దారి పూర్తిగా వేరు.

ఫోను సంగతి. తల్లి పత్తి చేలో ఉంటే గట్టు మీద చెట్టు కింద బిడ్డ చేతికి ఫోనిచ్చి కూర్చోబెట్టడం ఇప్పుడు ప్రతి ఊళ్లో కనపడుతుంది. వేరే దిక్కు లేని తల్లిని తప్పు పట్టలేం. ఫోను వల్ల ఆటిజం రాదు. 'వర్చువల్ ఆటిజం' అనే పేరు టీవీల్లో, యూట్యూబ్‌లో తిరుగుతోంది గానీ వైద్య గ్రంథాల్లో అలాంటి నిర్ధారణ లేదు. అయితే గంటల కొద్దీ ఫోను చూసే బిడ్డకు ఎదుటి మనిషి మొహం చూసే సమయం పోతుంది, మాట ఆలస్యమవుతుంది. ఫోను తీసేశాక కొన్ని వారాల్లో మాట, చూపు మెరుగైతే సంతోషం. కాకపోతే పరీక్షకు మరో కారణం దొరికినట్టు. రెండేళ్ల లోపు బిడ్డకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

బడి వయసులో పొరబాటు ఇంకో రకంగా జరుగుతుంది. నోట్సు పూర్తి చేయడు, చెప్పింది మరిచిపోతాడు, బెంచీ మీద కుదురుగా ఉండడు అనగానే ఏడీహెచ్‌డీ అనెయ్యకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న బిడ్డకు ధ్యాస నిలవదు. కళ్లజోడు అవసరమైన బిడ్డ బోర్డు వంక చూడడు. కొన్ని సెకన్ల పాటు చూపు నిలిచిపోయే ఒక రకం మూర్ఛ పరధ్యానంలా కనపడుతుంది. రాత్రి నిద్ర చాలని బిడ్డ, ఇంట్లో తాగుడూ గొడవల మధ్య పెరిగే బిడ్డ, అక్షరాలు కూడబలుక్కోలేని బిడ్డ, వీళ్లంతా పైకి ఒకేలా ఉంటారు. అందుకే ఏడీహెచ్‌డీ అని రాయడానికి షరతులు పెట్టారు. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. ఆరు నెలలకు తగ్గకుండా సాగాలి. ఇంట్లోనూ బళ్లోనూ, కనీసం రెండు చోట్ల కనపడాలి. బిడ్డ జీవితానికి నిజంగా అడ్డుపడుతూ ఉండాలి. తొమ్మిదేసి లక్షణాల రెండు జాబితాల్లో ఒకదానిలోనైనా కనీసం ఆరు ఉండాలి. ఇంట్లో బంగారంలా ఉండి ఒక్క లెక్కల మాస్టారి దగ్గరే అల్లరి చేసే పిల్లవాడికి ఇవి సరిపోవు. అతని విషయంలో ముందు ఆ లెక్కల క్లాసును చూడాలి.

తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి దాకా కూర్చోబెట్టే రెసిడెన్షియల్ బడులకు మన ప్రాంతం పేరుపడింది. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డకు అంత నరకం ఇంకోటి ఉండదు. అక్కడ దెబ్బలు పడతాయి. బళ్లో పిల్లల్ని కొట్టడం, మనసు గాయపరచడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. దెబ్బలతో ధ్యాస పెరగదు, బడి మీద భయం పెరుగుతుంది. పదో తరగతికి ముందే చదువు మానేసి ఆటోలకూ, మిల్లులకూ చేరిన కుర్రాళ్లలో ఎవరూ ఎన్నడూ పరీక్షించని ఏడీహెచ్‌డీ పిల్లలు ఉన్నారని నా గట్టి నమ్మకం.

పరీక్ష ఎక్కడ? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా చూడాల్సిన సమస్యల పట్టికలో ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. అనుమానమున్న పిల్లల్ని జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) పంపాలి. పిల్లల డాక్టర్, సైకాలజిస్ట్, స్పీచ్ థెరపిస్ట్, ఫిజియోథెరపిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలనేది దాని ఉద్దేశం. గుంటూరు జనరల్ ఆస్పత్రి, ఒంగోలు రిమ్స్, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి కాబట్టి పిల్లల వైద్యులూ, మానసిక వైద్యులూ ఈ ప్రాంతానికి మరీ దూరం కాదు. త్రిపురాంతకం నుంచి బస్సులో రోజు కూలి పోగొట్టుకుని వచ్చే తల్లికి మాత్రం దూరమే. ఆమె ఒక్కసారి వస్తే ఒకేరోజు అన్నీ చూసి పంపాలి.

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ఎంఆర్ఐ తీయించుకు రమ్మంటే ఎందుకని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. మూర్ఛలుంటే ఈఈజీ, మొహం తీరులో తేడా ఉంటే జన్యు పరీక్ష, ఎదుగుదల మందగిస్తే థైరాయిడ్, ఇలా వేరే కారణాల కోసమే ఆ పరీక్షలు. అసలు పరీక్ష అంటే నేల మీద కూర్చుని బిడ్డతో ఆడటం, తల్లిని ఓపిగ్గా అడగడం. డాక్టర్ సబ్బు బుడగలు ఊది ఆగుతుంది. ఇంకా కావాలని బిడ్డ ఆమె కళ్లలోకి చూస్తాడా, ఆమె చెయ్యి లాగుతాడా, బుడగలు పోయినా పట్టించుకోడా? ఉత్తి కప్పు చేతికిస్తే తాగినట్టు నటిస్తాడా, కప్పును గుండ్రంగా తిప్పుతూ ఉండిపోతాడా? కొత్త చోట బిడ్డ బిగుసుకుపోవచ్చు. కాబట్టి ఇంట్లో అన్నం తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు, పిలిచినప్పుడు తీసిన చిన్న చిన్న వీడియోలు ఫోన్‌లో తీసుకెళ్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

ఇక్కడ తెలుగునేల గర్వపడే సంగతి ఒకటి ఉంది. దేశమంతటా ఆటిజం తీవ్రతను కొలిచే ఐసా అనే కొలమానం సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైంది. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. 2009లో విడుదలైన ఐసాలో ఆరు విభాగాల కింద 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. మొత్తం 70 లోపుంటే ఆటిజం లేదని, 70 నుంచి 106 దాకా స్వల్పమని, 107 నుంచి 153 దాకా మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క. ఆ అంకె సర్టిఫికెట్‌కు పనికొస్తుంది. బిడ్డకు ఏమి నేర్పాలో తెలియాలంటే అంకె వెనకున్న 40 జవాబులూ చూడాలి. వాటి నకలు అడిగి తీసుకోండి.

ఎందుకొచ్చింది? తల్లి మొదట అడిగే ప్రశ్న ఇదే, ఇంట్లోవాళ్లు మొదట తల్లినే అడిగే ప్రశ్న కూడా. ఆటిజంలోనూ ఏడీహెచ్‌డీలోనూ ఎక్కువ పాత్ర జన్యువులదే. అవి తండ్రి వైపు నుంచైనా రావచ్చు, కొత్తగా బిడ్డలోనే మారి ఉండొచ్చు. ప్రేమ చూపని తల్లుల వల్లే ఆటిజం వస్తుందని గత శతాబ్దం మధ్యలో పడమటి దేశాల్లో పెద్ద పెద్ద వాళ్లే నమ్మారు. ఆ మాట పూర్తిగా అబద్ధమని తేలింది. టీకాల వల్ల వస్తుందని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. టీకా మానేస్తే తట్టు వస్తుంది గానీ ఆటిజం ఆగదు.

మన నేలకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఇంకా మిగిలింది, పురుగుమందులు. పత్తికీ మిరపకూ కొట్టినన్ని మందులు వేరే పంటలకు కొట్టరు. వాటిలో ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, క్లోర్‌పైరిఫాస్ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానివి. పురుగు నరాల మీద పనిచేసినట్టే మనిషి నరాల మీదా పనిచేస్తాయి. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలీ తల్లుల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. గర్భంలో ఈ మందుల ఆనవాళ్లు ఎక్కువగా సోకిన పిల్లల్లో ఐదేళ్ల వయసులో ధ్యాస సమస్యలు ఎక్కువగా, ఏడేళ్ల వయసులో తెలివి పరీక్షల మార్కులు తక్కువగా కనపడ్డాయి. అదే రాష్ట్రంలో 2014లో వచ్చిన మరో అధ్యయనం గర్భవతిగా ఉన్నప్పుడు ఇలాంటి మందులు కొట్టిన పొలాల దగ్గర నివసించిన తల్లుల పిల్లల్లో ఆటిజం ఎక్కువని చూపింది. ఇవి సంబంధాన్ని చూపించాయి గానీ ఫలానా బిడ్డకు ఫలానా మందే కారణమని ఎవరూ చెప్పలేరు. 'నువ్వు కడుపుతో చేలోకి వెళ్లావు కాబట్టే' అని తల్లిని అనడానికి ఇది ఆధారం కాదు. కూలికి వెళ్లకపోతే ఆ ఇల్లు గడవదు. కానీ కడుపుతో ఉన్న మనిషి చేత డ్రమ్ములో మందు కలిపించకపోవడం, మందు కొట్టిన చేలోకి గడువు తీరకుండా పంపకపోవడం, మందు కొట్టొచ్చిన బట్టలు ఆమె చేత ఉతికించకపోవడం, ఖాళీ డబ్బాలు ఇంట్లో వాడకపోవడం ఇంటివాళ్ల చేతిలోనూ రైతు చేతిలోనూ ఉన్న పనులు. ఈ జాగ్రత్తకు ఇంకో రుజువు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇక చేయాల్సిన పని. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. బిడ్డ మాట, చూపు, తన పనులు తాను చేసుకునే శక్తి పెరగడానికి మాత్రం చాలా చేయొచ్చు. అందులో పెద్ద భాగం చేయగలిగింది రోజంతా బిడ్డతో ఉండే మనుషులు. 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన పాస్ అధ్యయనం గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు నేర్పితే, తల్లి బిడ్డకు స్పందించే తీరు మెరుగైంది, బిడ్డ తానుగా తల్లిని కదిలించడమూ పెరిగింది. గోవాలో సాధ్యమైంది పర్చూరులోనూ పొదిలిలోనూ సాధ్యమే.

దాన్ని దగ్గరగా చూద్దాం. సీసా మూతలు పేర్చే ఆ పిల్లవాడినే తీసుకోండి. తల్లి పక్కన కాదు, ఎదురుగా కూర్చుంటుంది, తన కళ్లు వాడి కళ్ల ఎత్తులో ఉండేలా. మూతలు లాక్కోదు, 'ఇలా కాదు' అనదు. తనూ ఒక మూత తీసి వాడి వరస చివర పెడుతుంది. 'ఎర్ర మూత' అంటుంది, అంతే, పెద్ద వాక్యం చెప్పదు. ఆగుతుంది. ఆ ఆగడమే కష్టం. మనకు నోరూరుకోదు, వెంటనే ఇంకో మాట అనేస్తాం. మనసులో పది లెక్కపెట్టుకోవాలి. వాడు ఒక్క క్షణం తలెత్తి చూస్తే ఆ చూపుకు నవ్వుతో జవాబివ్వాలి. నాలుగైదు రోజులయ్యాక మూతల డబ్బా తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే ఇస్తుంది. ఇచ్చే ముందు ఆగుతుంది. చూపు గానీ, చాచిన చెయ్యి గానీ, 'తె' అనే ఒక్క అక్షరం గానీ వస్తే వెంటనే ఇచ్చేస్తుంది. మాట రాలేదని ఏడిపించదు. పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. స్నానం పోసేటప్పుడు చెంబుతో, అన్నం పెట్టేటప్పుడు ముద్దతో, జడ వేసేటప్పుడు దువ్వెనతో ఇదే. నాయనమ్మకూ, అక్కకూ, తండ్రికీ నేర్పాలి. ముఖ్యంగా తండ్రికి. తల్లి ఒక్కతే మోస్తే ఆమె ఏడాదిలో కుంగిపోతుంది.

మార్పును తట్టుకోలేని బిడ్డకు రోజు ఎలా నడుస్తుందో ముందే కనపడాలి. గోడ మీద వరసగా బొమ్మలు అంటించండి: పళ్లు తోముకోవడం, అన్నం, బడి, ఆట, నిద్ర. ఇంట్లో మిరపకాయలు వేయిస్తే కోరు పట్టి మనమే దగ్గుతాం, వాసన రెట్టింపుగా తెలిసే బిడ్డకు అది హింస. గుడి మైకు, మిక్సీ, కుక్కర్ విజిల్ కూడా అంతే. ఆ సమయంలో వాడు చెవులు మూసుకుని అరిస్తే మొండితనం అనకుండా పక్క గదిలోకి తీసుకెళ్లాలి.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లిపోతారు, వాళ్లలో నీళ్లంటే ఇష్టపడేవాళ్లు ఎక్కువ. సాగర్ కుడి కాలువ, దాని మేజర్లు, చేల మధ్య కుంటలు, మూతల్లేని బావులు ఉన్న ఊళ్లు మనవి. గేటుకు బిడ్డకు అందనంత ఎత్తులో గడియ పెట్టించండి. వాడి చొక్కా లోపల ఫోన్ నంబరు కుట్టండి. వీధిలో వాళ్లకు దాచకుండా చెప్పండి. బిడ్డ కనపడకపోతే అన్నిటికంటే ముందు నీళ్ల వైపు పరిగెత్తాలి. పురుగుమందు డబ్బాలకు తాళం ఉండాలి.

స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మంచివే. వారానికి రెండు గంటల థెరపీ ఇంట్లో జరిగే పనికి దారి చూపాలి. తల్లిని బయట కూర్చోబెట్టి తలుపేసుకునే చోట డబ్బు ఖర్చవుతుంది గానీ ఇంట్లో ఏమీ మారదు. ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామని మూలకణాల ఇంజెక్షన్లు అమ్మేవాళ్లున్నారు. అది చేయదగిన చికిత్స కాదని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లో స్పష్టంగా చెప్పింది. రెండెకరాలు అమ్మి అలాంటి ఆస్పత్రికి వెళ్లొద్దు. నిద్రకో, తనను తాను గాయపరచుకునేంత కోపానికో డాక్టర్ మందు రాస్తే అది వేరే విషయం, కొన్నాళ్లు వాడాల్సి రావచ్చు.

ఏడీహెచ్‌డీలో మందుకు స్థానం ఎక్కువ. ఆరేళ్ల లోపు పిల్లలకు ముందు తల్లిదండ్రుల శిక్షణే. ఆపై వయసులో, ఇబ్బంది తీవ్రంగా ఉంటే మిథైల్‌ఫెనిడేట్ బాగా పరీక్షకు నిలిచిన మందు. 1999లో అమెరికాలో 579 మంది పిల్లల మీద వచ్చిన ఎంటీఏ అధ్యయనం, జాగ్రత్తగా మోతాదు చూసుకుంటూ ఇచ్చిన మందు 14 నెలల పాటు అసలు లక్షణాలను బాగా తగ్గించిందని చూపింది. ఆకలి, నిద్ర తగ్గొచ్చు కాబట్టి బరువు, ఎత్తు, బీపీ చూస్తూ ఉండాలి. డాక్టర్ చెప్పినట్టు వాడితే మత్తుకు అలవాటు చేయదు. నియంత్రణ ఉన్న మందు కాబట్టి ఊరి మందుల షాపులో దొరకదు, నెల ముందే చూసుకోవాలి. ఎటొమాక్సెటిన్ ఇంకో దారి, దాని ఫలితం కొన్ని వారాలకు గానీ తెలియదు. బళ్లో మొదటి బెంచీ, ఒకసారికి ఒకే పని, ఇరవై నిమిషాలకోసారి లేచి బోర్డు తుడిచే అవకాశం, బాగా చేసినప్పుడు అప్పటికప్పుడే మెచ్చుకోలు. వీటికి పైసా ఖర్చు లేదు.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, చదువులో ఇబ్బంది ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. సచివాలయంలో వైకల్య పరీక్షకు సదరం స్లాట్ బుక్ చేసుకుని, 40 శాతానికి తగ్గకుండా సర్టిఫికెట్ వస్తే 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛనుకు అర్హత. నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీతో సహా. మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, బిడ్డను బళ్లో చేర్చేముందు అక్కడి టీచర్‌ను కలవండి. 18 నిండాక గార్డియన్ కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. మనసు బరువెక్కి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇంత యంత్రాంగం ఉన్నా దాని కంటపడని పిల్లలు కొందరున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు మిరప కోతలకు ఇటు వస్తాయి. పశ్చిమ ప్రకాశం నుంచి కూడా కూలీలు పల్నాడు, గుంటూరు చేలకు తరలుతారు. పిల్లలు వాళ్ల వెంటే. సొంత ఊరి అంగన్‌వాడీకి బృందం వచ్చిన రోజున ఆ బిడ్డ ఇక్కడ కల్లం పక్కన పరదా గుడారంలో ఉంటాడు. ఇక్కడి రిజిస్టర్‌లో వాడి పేరు ఉండదు. రెండుచోట్లా హాజరు లేని ఆ బిడ్డకు మాట రావడం లేదని చెప్పడానికి పక్కింటి అవ్వ కూడా ఉండదు. బాల స్వాస్థ్య బృందాల రెండు సందర్శనల్లో ఒకటి కుటుంబాలు ఇంటిపట్టునుండే జులై, ఆగస్టుల్లో అంగన్‌వాడీలో పెట్టాలి. రెండోది ఫిబ్రవరి, మార్చిల్లో కల్లాల దగ్గరే, సాయంత్రం కూలీలు తిరిగొచ్చే వేళకు పెట్టాలి. ముఠా మేస్త్రీకి ముందురోజు ఫోన్ చేస్తే ఏ చేను పక్కన ఎంతమంది పిల్లలున్నారో లెక్కతో సహా చెబుతాడు.